బీడీ మానాలంటే ముందు కడుపులోకి బువ్వ పోవాలి

పొద్దున ఐదున్నరకి మా కాలనీ ముందు ఆటో వచ్చి ఆగుతుంది. జామాయిల్ కర్ర కొట్టడానికో, పొగాకు తోటకో, బ్యారన్ దగ్గరికో కూలికి పోయేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎక్కుతారు. అప్పటికి పొయ్యి వెలిగించని ఇళ్ళే ఎక్కువ. చేతిలో సద్ది క్యారియర్ ఉన్నవాళ్ళు నలుగురైదుగురు ఉంటారేమో. చొక్కా జేబులో బీడీ కట్ట మాత్రం మగవాళ్ళలో దాదాపు అందరికీ ఉంటుంది. అంగడి దగ్గర ఒక టీ, దాని మీద ఒక బీడీ. అదే టిఫిను. మధ్యాహ్నం అన్నం తినేదాకా ఆకలేసినప్పుడల్లా ఇంకో బీడీ.

తమ్ముడూ, చెల్లీ, కొండాపురం దగ్గరి మా యానాది కాలనీ గురించే చెప్తున్నాను. నీ ఊరు ఉదయగిరి పక్కన ఉన్నా, ఆత్మకూరు వైపు ఉన్నా, ఏజెన్సీలో ఉన్నా ఈ ఆటో నీకు తెలిసే ఉంటుంది.

నేనూ పదేళ్ళు అట్టాగే బతికాను. పదహారేళ్ళకి మొదలుపెట్టి ఇరవయ్యారేళ్ళకి మానేశాను. ఎట్టా మానేశానో చెప్తే కొందరు నవ్వుతారు. మందులతో మొదలుపెట్టలేదు, ఒట్టు పెట్టుకోలేదు. పొద్దున్నే అన్నం తినడంతో మొదలుపెట్టాను.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనవాళ్ళలో చాలామందికి బీడీ సరదా కాదు, ఆకలికి బదులు. ఆ ఆకలిని అట్టాగే ఉంచి "బీడీ మానెయ్" అని ఎన్ని పోస్టర్లు అంటించినా పని జరగదు. కంచంలో మార్పు రావాలి. ఆ మార్పు కొంత మన చేతుల్లో ఉంది. కొంత మనం అడిగి తెచ్చుకోవాల్సింది.

ఆకలిని చంపే ఆకు

పొగాకులో ఉండే నికోటిన్‌కి ఆకలిని అణచే గుణం ఉంది. డాక్టర్లు చెప్పే మాటే ఇది. మన పెద్దోళ్ళకి చదువు లేకుండానే తెలుసు. "ఒక దమ్ము లాగితే ఇంకో రెండు గంటలు ఆగొచ్చు" అని మా మావ అనేవాడు. ఆగుతావు నిజమే. కానీ ఒళ్ళు ఆగదు మావా! గొడ్డలి ఎత్తిన ప్రతిసారీ ఒంట్లో ఉన్నదే కరిగిపోతుంది. కడుపుకి ఏమీ పడలేదన్న సంగతి మనసుకి తెలియకుండా పోతుంది, అంతే.

నాకు మొదటి బీడీ దొరికింది బ్యారన్ దగ్గర. మా ప్రాంతంలో వర్జీనియా పొగాకు ఎంత ముఖ్యమో నీకు చెప్పక్కర్లేదు. కలిగిరిలో, డీసీ పల్లిలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఉన్నాయి. పచ్చాకుని కర్రలకి అల్లి బ్యారన్‌లో వేలాడదీస్తే అది కాలి బంగారు రంగుకి రావడానికి వారం దాకా పడుతుంది. అన్ని రోజులూ రాత్రింబగళ్ళు వేడి తగ్గకూడదు, పెరగకూడదు. రాత్రిళ్ళు ఎవరో ఒకరు కట్టెలు ఎగదోస్తూ కాపలా కూర్చోవాలి. ఆ ఏడాది ఆ ఒకరు నేను. నిద్ర ఆపుకోవడానికి ఒకటి, ఆకలి ఆపుకోవడానికి ఒకటి అని పక్కనున్న పెద్దాయన ఇచ్చాడు. ప్రేమతోనే ఇచ్చాడు. ఆయన దగ్గర ఇవ్వడానికి అదొక్కటే ఉంది.

ఇంకో సంగతి. మనం కాల్చే ఆ వర్జీనియా ఆకు సిగరెట్టుకి పోతుంది, దేశాలు దాటి పోతుంది. బీడీలో ఉండేది వేరే రకం పొగాకు. మంచి ఆకు వేరేవాళ్ళకి, బీడీ మనకి. కానీ జబ్బు దగ్గర తేడా ఏమీ లేదు. బీడీ ఆకులో చుట్టింది కాబట్టి సిగరెట్టు కంటే మేలని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. బీడీ ఊరికే ఆరిపోతుంది కాబట్టి గట్టిగా, ఎక్కువసార్లు పీలుస్తాం. తారు, కార్బన్ మోనాక్సైడ్ తక్కువేమీ లోపలికి పోవు.

తాగకపోయినా పొగాకు మనల్ని వదలదు. మంచుకి తడిసిన పచ్చాకు కోసేటప్పుడు నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది. తల తిరగడం, వాంతులు, నీరసం అందుకే. ఆడవాళ్ళు "ఎండ దెబ్బ" అనుకుని ఊరుకునే వాటిలో ఇది కూడా ఉంటుంది. ఖాళీ కడుపుతో ఆ పని చేస్తే ఇంకా కష్టం.

బీడీ తాగితేనే కూర్చోనిస్తారు

ఒకసారి పనిలో గమనించాను. ఊరికే గట్టు మీద కూర్చుంటే మేస్త్రీ అరుస్తాడు. బీడీ వెలిగించి కూర్చుంటే ఏమీ అనడు. ఐదు నిమిషాల విశ్రాంతికి బీడీ ఒక చీటీ లాంటిది. బీడీ తాగని ఆడవాళ్ళకి ఆ చీటీ కూడా లేదు.

"పేదోడికి ఉన్న ఒక్క సుఖం అది, దాన్ని కూడా పీకేస్తారా?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. మన మేలు కోరే స్నేహితుల్లో కూడా ఉన్నారు. వాళ్ళతో నాది ఒకటే మాట. ఆ సుఖంలో సగం కూర్చోవడంలో ఉంది, పక్కవాడితో రెండు మాటలు మాట్లాడుకోవడంలో ఉంది. వాటిని మనం అడిగి తీసుకుందాం. మిగతా సగం నికోటిన్‌ది. ఆ సగం సుఖం కూడా కాదు. అంతకుముందు తాగిన బీడీ పెట్టిన బాధని ఈ బీడీ కాసేపు తీరుస్తుంది. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఇంటికి ఈ లెక్క బాగా తెలుసు.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఆస్ట్రేలియాలో ఆదివాసీలతో పశువుల క్షేత్రాల్లో పని చేయించుకుని, చాలాచోట్ల కూలి డబ్బులకి బదులు పిండి, చక్కెర, టీ ఆకు, పొగాకు ఇచ్చేవాళ్ళు. అట్టా అలవాటు చేశారు. 2010లో ఆ దేశంలో ఆదివాసీల కోసమే పొగాకు మాన్పించే కార్యక్రమం మొదలైంది. దాన్ని నడిపింది ఆదివాసీ నాయకుడు టామ్ కాల్మా. బయటివాళ్ళు వచ్చి తిట్టడం కాదు, తమవాళ్ళే తమ ఊళ్ళలో తమ మాటల్లో చెప్పడం అన్నది పద్ధతి. 2004-05లో అక్కడి ఆదివాసీ పెద్దల్లో సగం మంది రోజూ తాగేవాళ్ళు. 2018-19 నాటికి అది 40 శాతానికి తగ్గింది. మనం మాత్రం ఎందుకు చేయలేం?

క్షయ మన గడప దగ్గరే ఉంది

మా నాయనకి క్షయ వచ్చింది. ఆరు నెలలు మందులు మింగాడు, బతికాడు. ఆసుపత్రిలో డాక్టరు "బీడీ మానెయ్" అని గట్టిగా చెప్పాడు. మంచి మాటే. కానీ "పొద్దున ఏం తింటావు?" అని అడగలేదు. ఆ ప్రశ్న అడిగి ఉంటే మా కథ ఇంకో రకంగా ఉండేదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నాయన మందులతో పాటు బీడీ కూడా తాగాడు. ఆకలేస్తే ఏం చేయాలో ఆయనకి ఇంకో దారి తెలీదు.

పొగ తాగేవాళ్ళకి క్షయ వచ్చే అవకాశం తాగనివాళ్ళ కంటే రెండింతలు. తిండి చాలక ఒళ్ళు ఎండిపోయినవాళ్ళకి ఆ ముప్పు వేరేగా ఉంటుంది. మనలో ఎంతమందికి ఈ రెండూ కలిసి ఉన్నాయో నీ కాలనీలో నువ్వే చూడు.

తిండికి ఎంత బలం ఉందో చెప్పే పెద్ద సాక్ష్యం జార్ఖండ్ నుంచి వచ్చింది. అక్కడ 2019 నుంచి 2022 దాకా క్షయ రోగుల ఇళ్ళలో ఒక పరిశోధన జరిగింది. కొన్ని ఇళ్ళలో రోగితో పాటు ఇంట్లో అందరికీ నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. మిగతా ఇళ్ళలో రోగికి మాత్రమే తిండి సాయం చేశారు. అందరికీ ఇచ్చిన ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్ పత్రికలో అది అచ్చయింది. కొత్త మందు కాదు అది, బియ్యం పప్పు!

క్షయ రోగికి పోషణ కోసం కేంద్ర ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకి 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. మీ కాలనీలో మందులు మింగుతున్నవాళ్ళకి ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతోందా లేదా? ఈ వారంలోనే కనుక్కో. ఆధార్ తప్పనో, ఖాతా లేదనో ఆగిపోయి ఉంటే ఆశా అక్కని వెంటబెట్టుకుని వెళ్ళి సరిచేయించు. సంఘం చేయాల్సిన పని ఇదే.

కంచం దగ్గర ఏం మార్చాలి

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నేను చేసింది, నా తర్వాత కాలనీలో కొందరు చేసింది ఇది.

మొదటిది, తిన్న తర్వాతే మొదటి బీడీ. ఒకేసారి మానమని చెప్పడం లేదు. సద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ కొరుక్కో. లేదంటే రాగి జావ తాగు. ఆ తర్వాత కావాలంటే వెలిగించుకో. వారం తిరిగేసరికి నాకు ఒకటి తెలిసింది. నేను "బీడీ కావాలి" అనుకున్న వాటిలో సగం "ఆకలి" అనే మాటే. చిరాకు, చేతులు వణకడం, తల బరువు... కొన్ని నికోటిన్ కోసం, కొన్ని అన్నం కోసం. తింటేనే ఏది ఏదో తెలిసింది.

రెండోది, టీని బీడీ నుంచి విడదీయి. 2007లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు రెండు వందల మంది పొగరాయుళ్ళని అడిగారు, ఏం తిన్నాక సిగరెట్టు రుచి పెరుగుతుంది, ఏం తిన్నాక చెడుతుంది అని. కాఫీ, టీ, మద్యం, మాంసం రుచి పెంచుతాయని చాలామంది చెప్పారు. పాలు, పండ్లు, కూరగాయలు, మంచినీళ్ళు రుచి చెడగొడతాయని చెప్పారు. వాళ్ళు చెప్పింది వాళ్ళ నాలుక సంగతే, మందు కాదు. కానీ నా నాలుక కూడా అదే చెప్పింది. మజ్జిగ తాగి బీడీ వెలిగిస్తే గడ్డి కాల్చినట్టు ఉంటుంది. అంగడి దగ్గర టీ బదులు మజ్జిగో, నిమ్మరసమో తాగు. నిమ్మకాయలకి మన జిల్లాలో కరువు లేదు.

మూడోది, జేబులో బీడీ కట్ట ఉండే చోట ఇంకోటి పెట్టు. వేయించిన వేరుశనగలు, శనగలు, జొన్న పేలాలు, ఉప్పులో ఎండబెట్టిన ఉసిరి ముక్కలు. బీడీ మీదికి మనసు పోయినప్పుడు ఆ లాగుడు ఐదారు నిమిషాలు గట్టిగా ఉండి తగ్గుతుంది. ఆ ఐదారు నిమిషాలు నోటికి, చేతికి పని కావాలి. ఒక గుప్పెడు వేరుశనగలు నమిలేసరికి ఆ టైము గడిచిపోతుంది. గుట్కా, ఖైనీ మాత్రం వద్దు. ఒక గుంతలోంచి ఇంకో గుంతలోకి దూకినట్టే.

నాలుగోది, పొగ తిన్న ఒంటికి సి విటమిన్ ఎక్కువ కావాలి. తాగనివాళ్ళ కంటే రోజుకి 35 మిల్లీగ్రాములు ఎక్కువ అని పోషకాహార నిపుణులు లెక్క కట్టారు. దానికి బజారు మాత్రలు అక్కర్లేదు. ఒక చిన్న ఉసిరికాయలో, ఒక ముక్క జామకాయలో అంత ఉంటుంది. మన తాతలు కొండల్లో, చేలగట్ల మీద ఏరుకు తిన్నవి గుర్తు తెచ్చుకో. చలికాలంలో రేగుపండ్లు, ఎండాకాలంలో చింతచిగురు, ముంజలు, ఈతపండ్లు, తొలకరికి నేరేడు, వానలు ముదిరాక సీతాఫలం. ఏడాది పొడుగునా మునగాకు. యానాదోళ్ళ తిండి అని ఎవరైనా ఎగతాళి చేస్తే చెయ్యనీ. చెరువు చేప, ఎండ్రకాయ, ఉలవ గుగ్గిళ్ళు, రాగి సంగటి: ఒంటికి కావాల్సిన మాంసకృత్తులు, ఇనుము, సున్నం వీటిలో ఉన్నాయి. వంద గ్రాముల రాగుల్లో సున్నం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది.

మొదటి మూడు రోజులు కష్టం

పూర్తిగా ఆపిన రోజు నుంచి మొదటి మూడు రోజులు బాగా గడ్డుగా ఉంటాయి. కోపం వస్తుంది, నిద్ర పట్టదు, దగ్గు పెరిగినట్టు ఉంటుంది, మలబద్ధకం రావచ్చు. ఇవన్నీ ఒళ్ళు బాగుపడే దారిలో వచ్చేవే. రెండు మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. నీళ్ళు బాగా తాగు, ఆకుకూరలు తిను, సాయంత్రం చెరువు కట్ట మీద నాలుగు అడుగులు నడువు, తొందరగా పడుకో. దగ్గు మాత్రం రెండు వారాలు దాటినా, కళ్ళెలో నెత్తురు కనపడినా బీడీ మానినందుకే అనుకోవద్దు. వెంటనే క్షయ పరీక్షకి వెళ్ళు.

మానేశాక ఆకలి పెరుగుతుంది. నాలుకకి రుచి తిరిగి వస్తుంది. నాకు మా అమ్మ చేసిన చేపల పులుసు వాసన వీధిలోంచే తెలిసింది, పదేళ్ళ తర్వాత! దాంతో నాలుగైదు కిలోల బరువు పెరగొచ్చు. పట్నం పత్రికల్లో దీన్ని పెద్ద భయంగా రాస్తారు. పొగ మానితే లావైపోతారు, జాగ్రత్త అని. తమ్ముడూ, మన కాలనీలో ఎముకలు కనపడే మనుషులకి ఆ నాలుగు కిలోలు భయం కాదు, లాభం. ఒంటికి పట్టిన ఆ బరువే క్షయకి అడ్డం నిలబడుతుంది.

డబ్బు లెక్క కూడా వేసుకో. నాకు బీడీలకి, వాటి వెంట టీలకి రోజుకి 40 రూపాయలు పోయేది. నెలకి 1200. గుడ్డు ఏడు రూపాయలు అనుకుంటే నెలకి 170 గుడ్లు. ఇంట్లో నలుగురికి రోజుకొక గుడ్డు పెట్టినా ఇంకా మిగులుతాయి. బడిలో పిలకాయలకి గుడ్డు, చిక్కీ, రాగి జావ పెట్టే రోజులు వచ్చాయి. ఆ పిలకాయ బడి మానేసి కూలికి వచ్చిన రోజు నుంచి గుడ్డు పోయి బీడీ వస్తోంది.

ఒక నిజం దాచకూడదు. నేను ఒకసారి తప్పాను. చావింట్లో, సారా తాగిన రాత్రి, ఎవరో ఇస్తే తీసుకున్నాను. మళ్ళీ రెండు నెలలు పట్టింది. మందు తాగిన చోట బీడీ ఆపడం చాలా కష్టం, కాబట్టి మొదటి నెలలన్నా ఆ చోటికి పోవద్దు. తప్పినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు. మళ్ళీ పొద్దున్నే సద్దన్నంతో మొదలుపెట్టు.

ఇంకో నిజం. తిండి ఒక్కదానితో అందరూ మానలేరు. కట్టలు కట్టలు తాగేవాళ్ళకి మాటసాయం, మందుసాయం కావాలి. అది సిగ్గుపడాల్సింది కాదు. పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. ఫోను చేసి మాట్లాడించు. ప్రభుత్వ ఆసుపత్రిలో నికోటిన్ గమ్ము గురించి అడుగు.

మనం చేయాల్సింది, అడగాల్సింది

చదువుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ పని మీతో మొదలవ్వాలి. కాలనీలో నలుగురు కలిసి ఒకే రోజు మానండి. ఒంటరిగా మానేవాడిని అందరూ ఎగతాళి చేస్తారు, నలుగురిని చేయలేరు. పెద్దవాళ్ళని తిట్టొద్దు. "తాతా, ముందు ఈ జావ తాగు" అని గ్లాసు చేతికివ్వండి. బీడీ తెమ్మని పిలకాయలని అంగడికి పంపడం మాత్రం ఈ రోజు నుంచే ఆపాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి పొగాకు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. ఇంట్లో కడుపుతో ఉన్న ఆడబిడ్డ ఉంటే పొగ గడప లోపలికి రానివ్వొద్దు. పక్కవాళ్ళు వదిలిన పొగకి కూడా బిడ్డ బరువు తగ్గుతుంది.

పనిచోట అడగాల్సినవి ఉన్నాయి. పొద్దున పని మొదలుపెట్టే ముందు తినడానికి టైము. మధ్యలో బీడీ ఉన్నా లేకున్నా, ఆడా మగా అందరికీ కూర్చునే టైము. పచ్చాకు కోసేవాళ్ళకి చేతి తొడుగులు. కూలి ఏ వారానికి ఆ వారం. అడ్వాన్సు పేరుతో మనుషుల్ని కట్టేయడం 1976 నుంచే చట్టరీత్యా నేరం. సర్కారు దగ్గర అడగాల్సినవి ఉన్నాయి. రేషన్ కార్డు లేని ఇంటికి కార్డు, బియ్యంతో పాటు పప్పు, రాగులు. కాలనీకి దగ్గర్లో అంగన్‌వాడీ. మేలు కోరే మిత్రులారా, మీరు మా కాలనీకి పొగాకు వద్దు అని చెప్పడానికి వస్తే సంతోషం. వచ్చేటప్పుడు ఈ జాబితా కూడా పట్టుకుని రండి.

ఇవన్నీ వచ్చేదాకా బీడీ తాగుతూ కూర్చుందామని మాత్రం అనొద్దు. కొట్లాడాలన్నా ఊపిరి కావాలి. కలెక్టరాఫీసు ముందు ఎండలో నిలబడాలన్నా ఒంట్లో సత్తువ కావాలి.

రేపు పొద్దున ఐదున్నరకి ఆటో మళ్ళీ వస్తుంది. ఈ రాత్రి పడుకునే ముందు అన్నంలో నీళ్ళు పోసి పెట్టుకో. నీకు ఒక గిన్నె, నీ పక్కన కూర్చునేవాడికి ఇంకో గిన్నె.